దెబ్బతిన్న కార్బన్ బాణాలు: ఏవి బాగుచేసుకోవచ్చు, ఏవి పారెయ్యాలి?

పెన్నా గట్టు (నెల్లూరు):
మా పాప రికర్వ్ విల్లుతో (కొసలు ముందుకు వంగుండే విల్లు) 30 మీటర్ల దగ్గర ప్రాక్టీసు చేస్తా ఉంది. 12 కార్బన్ బాణాల్లో నాలుగు దెబ్బ తినుండాయి. ఒకటి టార్గెట్ స్టాండు కట్టెకు తగిలింది, పైకి ఏమీ కనపడ్డంలా. ఇంకోదాని నాక్ (నారికి తగిలించే తోక గాడి) మీద వెనకొచ్చిన బాణం కొట్టి నాక్ చీలింది. మూడోదానికి వేన్ (తోక దగ్గరి ప్లాస్టిక్ రెక్క) ఒకటి లేచిపోయింది. నాలుగోదాని పాయింటు (ముందుండే మొన) గడ్డి టార్గెట్‌లోనే ఉండిపోయి షాఫ్టు (బాణం గొట్టం) ఒక్కటే చేతికొచ్చింది. ఫెవిక్విక్ పెట్టి అన్నీ అతికించెయ్యొచ్చా? షాఫ్టు చివర పగిలితే ఓ అంగుళం కోసేసి వాడుకోవచ్చంటున్నారు, నిజమేనా?

ఒంగోలు గిత్త:
మీరు ‘ఏమీ కనపడ్డంలా’ అన్న మొదటి బాణమే నాలుగింట్లోకీ ఎక్కువ ప్రమాదం. పగిలిన కార్బన్ షాఫ్టు నారి వదిలిన క్షణంలో ముక్కలై, ఆ పేళ్లు విల్లు పట్టుకున్న చేతిలో దిగబడతాయి. సన్నటి కార్బన్ పీచు ఎక్స్‌రేలో కూడా సరిగ్గా కనిపించదు.

షాఫ్టు మీద వేలు పెట్టి రుద్దొద్దు. దూది ఉండతో ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడవండి, పీచు లేచి ఉంటే దూది పట్టుకుంటుంది. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని, పాయింటు దగ్గర ఒక చెయ్యి, నాక్ దగ్గర ఒక చెయ్యి వేసి, ఎవరి వైపూ కాకుండా ఒకటి రెండు అంగుళాలు మాత్రం వంచండి. కొద్దికొద్దిగా తిప్పుతూ చుట్టూ నాలుగైదు చోట్ల అలాగే చెయ్యండి. ఆ తర్వాత తడిగుడ్డ పిండినట్టు రెండు వైపులా మెలితిప్పండి, అయితే బలమంతా పెట్టొద్దు. చిటచిటమన్నా, ఒక పక్క మెత్తగా వంగినా ఆ బాణం పని అయిపోయినట్టే. దాన్ని టేపు చుట్టి విరిచి పారెయ్యండి. సంచిలో ఉంచితే ఏదో ఒకరోజు పొరపాటున నారికి ఎక్కుతుంది.

నాక్ చీలినదానికి కొత్త నాక్ నొక్కేస్తే సరిపోదు. పాతది ఊడదీసి, షాఫ్టు వెనక అంచు వెలుతురులో చూడండి. ఆ దెబ్బకు నిలువునా బీట పడి, నాక్ కింద దాక్కుని ఉండొచ్చు. వెనకొచ్చి కొట్టిన బాణాన్ని కూడా పాయింటు వెనక చూడాల్సిందే, దాని సంగతి మీరు రాయలేదు. అంచు శుభ్రంగా ఉండి, వంపు పరీక్షలో కూడా నిలిస్తే అప్పుడు కొత్త నాక్ వెయ్యండి. బాణాన్ని నారికి తగిలించి కిందికి వేలాడదీస్తే ఆగాలి, నారి మీద వేలితో తడితే రాలాలి. చీలిన నాక్‌తో వదిలితే బాణం జారిపోయి ఖాళీ విల్లు వదిలినట్టే, లింబులు (విల్లుకు పైనా కిందా వంగే భాగాలు) దెబ్బతింటాయి.

సరుగుడు తోపు:
వేన్‌కి ఫెవిక్విక్ లాంటి గ్లూ సరే, పాయింటుకి వద్దు. పాయింటుకి హాట్ మెల్ట్ గ్లూ, అదీ తక్కువ వేడికే కరిగే రకం వాడాలి, మళ్లీ ఊడదీయాల్సి వస్తుంది కదా. పాయింటు మొనను ప్లయర్‌తో పట్టుకుని, షాఫ్టులోకి దూరే దాని తోకను వేడి చేసి, గ్లూ రాసి, తిప్పుతూ షాఫ్టులోకి తొయ్యండి. షాఫ్టుకు మాత్రం మంట చూపొద్దు, కార్బన్‌ను కలిపి ఉంచే రెసిన్ చెడిపోతుంది. పాయింటు ఊడదీయాలన్నా అంతే: ఆ చివర నిమిషం సేపు మరిగిన నీళ్లలో ఉంచి ప్లయర్‌తో లాగితే చాలు. లోపల తడి ఆరాకే కొత్త గ్లూ.

మన ఎండలకు ఇంకో మాట. రోహిణి కార్తెలో అద్దాలు మూసిన కారులో బాణాలు పెడితే ఆ గ్లూ మెత్తబడుతుంది. గడ్డిలో పాయింట్లు ఉండిపోవడానికి అదీ ఒక కారణం. షూటింగుకు ముందు ప్రతి పాయింటూ తిప్పి చూడండి, కదిలితే పక్కన పెట్టండి.

వేన్ అతికించేటప్పుడు పాత గ్లూని మొద్దు కత్తితో గీకండి, పదునుదైతే కార్బన్ పీచు తెగుతుంది. స్పిరిట్‌తో తుడవండి. శానిటైజర్ వద్దు, అందులోని గ్లిజరిన్ పొరలాగా ఉండిపోతే గ్లూ పట్టదు. గ్లూ సన్నటి గీతలాగా రాసి, ఫ్లెచింగ్ జిగ్‌లో (వేన్లను సరైన చోట పట్టి ఉంచే సాధనం) పెట్టి అర నిమిషం నొక్కండి. గాలిలో తేమతోనే గట్టిపడే గ్లూ ఇది, వానాకాలం మన తీరంలో చప్పున పట్టేస్తుంది. ఎక్కువ పోస్తే తెల్లగా పూస్తుంది, అంతే లాభం. మూడు వేన్ల మధ్య 120 డిగ్రీలు ఉండాలి, చూపుతో అతికిస్తే ఆ బాణం మిగతా పదకొండుతో కలవదు.

పెన్నా గట్టు:
మొదటిది వంచితే చిటచిటమంది అన్నా, విరిచేశా. కోసే సంగతి చెప్పలా.

ఒంగోలు గిత్త:
పగులు చివర్లోనే ఉందని తేలితే, కోశాక మళ్లీ వంచి చూసి వాడేవాళ్లున్నారు. పిల్లలకు నేనైతే వద్దంటాను. పొట్టిదైతే షాఫ్టు బిగుసు పెరిగి బాణం పక్కకు పోతుంది. పైగా ఎదిగే పిల్ల, నారి లాగే దూరం పెరుగుతుంది. పొట్టి బాణం రెస్ట్ (విల్లు మీద బాణం ఆనే చోటు) వెనక్కి జారితే చేతికే గుచ్చుకుంటుంది. హ్యాక్సా బ్లేడుతో, పైపు కట్టర్‌తో అసలు కొయ్యకండి, అంచు నలిగి కొత్త పగులు మొదలవుతుంది. సన్నటి అబ్రేసివ్ చక్రంతో మాస్కు పెట్టుకుని కోసే దుకాణంలో ఇవ్వండి. ఆ దుమ్ము పీల్చకూడదు.

సరుగుడు తోపు:
ఇండియన్ రౌండ్ (వెదురు, కర్ర విల్లులతో ఆడే మన పోటీ) వెదురు, కర్ర బాణాలకు కూడా ఈ వంపు పరీక్ష పనికొస్తుంది. నిలువు పగులుంటే దారం చుట్టి, ఫెవికాల్ పూసి వాడతారు, అది చెయ్యొద్దు. వంకర పోయినదాన్ని మాత్రం సెగ మీద కాచి సరిచెయ్యొచ్చు. అల్యూమినియం అయితే గాజు బల్ల మీద దొర్లిస్తే వంకర తెలుస్తుంది. స్వల్పమైతే సరిచేసే సాధనంతో సరిపోతుంది, మడత పడితే పోయినట్టే. గడ్డి లోంచి లాగేటప్పుడు ఒక అరచెయ్యి టార్గెట్ మీద ఆనించి, షాఫ్టును టార్గెట్‌కు ఆనుకునే పట్టుకుని తిన్నగా లాగమనండి. సగం వంకరలు అక్కడే వస్తాయి. లాగేటప్పుడు వెనక ఎవరూ ఉండకూడదు.