మా నాయినకు చెవుడు మొదలైందా?

మాది మిర్యాలగూడ. నాయినకు 62 ఏండ్లు, 30 ఏండ్లు రైస్ మిల్లుల పనిచేసిండు. ఈ మధ్య టీవీ సౌండు పక్కింటిదాక ఇనబడేటట్టు పెడ్తుండు. నా మాట అందుతది గని మనుమరాలి సన్న గొంతు అందుతలేదు. పిల్ల రెండుసార్లు ‘తాతా’ అని పిలిచి ఊకుంటున్నది, నాకు అదే ఎక్కువ బాధ. పెండ్లిల నలుగురు మాట్లాడుతుంటే ఊరికె నవ్వి తలూపుతడు. రాత్రిపూట చెవుల గుయ్యిమంటదట.

85 డెసిబెల్స్ దాటిన మోతల రోజూ 8 గంటల చొప్పున ఏండ్లకేండ్లు ఉంటే లోపలి చెవి దెబ్బతింటదని చదివిన. గులిమి అడ్డంపడ్డా ఇట్లనే ఉంటదంటరు. చూపించుకుందామంటే ‘నాకేమైంది?’ అని కోపం చేస్తడు.

నల్లగొండ ప్రభుత్వ దవాఖానల ఆడియోమెట్రీ (చెవులు ఎంత ఇనబడుతున్నయో చూసే) పరీక్ష చేస్తరా, కోఠి ఈఎన్‌టీ దవాఖానకే పోవాల్నా? మీ ఇంట్ల పెద్దోళ్లను ఎట్ల ఒప్పించిన్రు?