పేరిచ్చినోళ్లలో సగం మంది రావట్లా, ఏం చేయాలన్నా?

కావలిలో రక్తదానం క్యాంపు పెట్టాం. వాట్సాప్ గ్రూపులో 90 మంది పేరిచ్చారు, తీరా ఆదివారం చూస్తే వచ్చింది 40 మంది, టిఫిన్లు మిగిలిపోయినాయి, బ్లడ్ బ్యాంకు వాళ్లకి మొహం చూపించలేకపోయాం. ఎందుకిట్టా?

ఒంగోలు నుంచి: గ్రూపులో వేలు గుర్తు పెడితే వచ్చేసినట్టు కాదు తమ్ముడూ. ముందురోజు సాయంత్రం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి టైం చెప్పండి. రాలేనన్నోళ్లని ఏమీ అనొద్దు, ముందే తెలిస్తే అదే మేలు, టిఫిన్ లెక్కన్నా సరిపోద్ది.

నెల్లూరు నుంచి: పోయిన క్యాంపు ఎప్పుడు? ఒకసారి ఇస్తే మగాళ్లు 90 రోజులు, ఆడాళ్లు 120 రోజులు ఆగాల, పాత లిస్టుకే మళ్లీ మెసేజ్ పెడితే పేరిస్తారు గానీ ఇవ్వలేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, తుపాన్లు, అదీ చూసుకో నాయనా.

రెండు నెల్ల కిందే పెట్టామక్కా! లిస్టు కూడా అదే. ఈసారి తేదీలు రాసిపెడతా.