ట్యూషన్ పాప ప్రోగ్రెస్ ఎలా రాసుకోవాలి?

ప్రశ్న: రెండో తరగతి పాపకి ఒక్కదానికే ట్యూషన్ చెప్తున్నాను, చదవడం మెరుగైందనే అనిపిస్తోంది కానీ వాళ్లమ్మగారు అడిగితే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. మీరేం చేస్తారు?

జవాబు 1: తను ఇంతకుముందు చూడని పేరా 1 నిమిషం చదివించండి, చదివిన పదాల్లోంచి తప్పులు తీసేసి మిగిలిన లెక్క తేదీ వేసి రాసుకోండి. ఒక వారం తగ్గితే టెన్షన్ పడకండి, పేరా కష్టమైనదై ఉండొచ్చు.

జవాబు 2: వేగం ఒక్కటే చూస్తే గబగబా చదివేసి అర్థం గాలికొదిలేస్తారండీ, మా వాడు అచ్చం అంతే. చదివింది సొంత మాటల్లో చెప్పించండి. లెక్కల్లో మార్కుల కన్నా ఏ తప్పు చేసిందో రాయండి, తీసివేతలో అప్పు మర్చిపోతోందా, సున్నా దగ్గర తడబడుతోందా అని. నేర్పిన రోజు అందరికీ వస్తుంది, 2 వారాలాగి చెప్పకుండా మళ్లీ అడగండి.

ప్రశ్న అడిగినవారు: సున్నా దగ్గరేనండీ ఆగిపోయేది! రేపే నోట్‌బుక్ పెడతా.