పేలి మునిగిన యుద్ధనౌకను పైకి తీయాలా, అలాగే వదిలేయాలా?

తార్నాక వాసి:
సింధురక్షక్ జలాంతర్గామి 2013 ఆగస్టు 14న ముంబై నౌకాదళ రేవులో లోపలి నుంచే పేలి మునిగింది. 18 మంది ప్రాణాలు పోయాయి. 2014 జూన్‌లో పైకి తీశారు. 2017లో అరేబియా సముద్రంలో సుమారు 3,000 మీటర్ల లోతున మళ్లీ ముంచేశారు. చివరికి ముంచేదానికి అంత శ్రమ ఎందుకు? బ్రిటన్‌లోని స్కాపా ఫ్లో నౌకాశ్రయంలో 1917 జులై 9 రాత్రి లంగరు వేసి ఉన్న వాన్‌గార్డ్ నౌక పేలి 843 మంది చనిపోయారు. అనుమతి లేకుండా అక్కడ ఎవరూ నీటిలో దిగకూడదు. మృతులకు ఇవ్వాల్సిన గౌరవం అది.

సైనిక్‌పురి:
వాన్‌గార్డ్ నుంచి ముందు లోహాలు తీసుకుపోయారు, రక్షణ తర్వాత వచ్చింది. ఆ సంగతి వదిలేయకండి. సింధురక్షక్ మునిగింది నడి సముద్రంలో కాదు, రేవులో. టార్పెడోలు నింపుకొని ఉంది. లోపల మన పిల్లలున్నారు. అదే జలాంతర్గామిలో 2010లో విశాఖపట్నంలో బ్యాటరీల నుంచి వెలువడిన హైడ్రోజన్ అంటుకుని ఒక నావికుడు చనిపోయాడు. రెండుసార్లు లోపలి నుంచే మంట పుట్టిన ఓడను విప్పి చూడకుండా ఎలా ఉంటాం? పేలి మునిగిన తన జలాంతర్గామి కుర్స్క్‌ను రష్యా 2001లో పైకి తీసింది. 118 మందిలో ఎక్కువ మంది దేహాలు ఇళ్లకు చేరాయి.

మలక్‌పేట:
పైకి తీస్తే నిజం తెలుస్తుందని నమ్మకమేమిటండీ? 1898లో హవానా రేవులో పేలిన అమెరికా నౌక మెయిన్ చుట్టూ 1911లో గోడ కట్టి నీళ్లు తోడారు. కళ్లెదుట ఉక్కు కనబడుతున్నా, బయటి మందుపాతరే కారణమని రెండో విచారణ సంఘమూ చెప్పింది. ఆ మాట మీదనే అప్పటికే స్పెయిన్‌తో యుద్ధం జరిగిపోయింది.

సైనిక్‌పురి:
మీ ఉదాహరణే నా పక్షాన ఉంది. 1976లో అమెరికా నౌకాదళ అడ్మిరల్ రికోవర్ బృందం పేలుడు లోపలిదేనని, బొగ్గు గదిలో రగిలిన నిప్పు పక్కనున్న మందుగుండుకు తగిలి ఉంటుందని తేల్చింది. దేని ఆధారంగా? 1911లో నీళ్లు తోడినప్పుడు తీసిన ఫొటోలు, కొలతలు. అప్పటి సంఘం తప్పు చెప్పినా, ఆధారం కాగితాల్లో మిగిలింది. నౌకను 1912లో లోతు సముద్రంలో ముంచేశారు, ఫొటోలు మాత్రం దాచారు.

తార్నాక వాసి:
అయితే సింధురక్షక్ శిథిలం ఫొటోలు, కొలతలు కూడా ఆ 18 కుటుంబాలకు అందుబాటులో ఉండాలి. అది లేకుండా పైకి తీయడాన్ని నేను సమర్థించలేను.

సైనిక్‌పురి:
ఆ షరతుకు నేను పూర్తిగా ఒప్పుకుంటాను. రహస్య ఆయుధాల వివరాలు తీసేసి మిగతాది ఇవ్వవచ్చు.