లైవ్‌లో రికార్డు చేసిన గొంతు వినిపిస్తే అది మోసమేనా?

చివరివరుస:
పదిహేడేళ్లుగా వింటున్న బ్యాండ్‌ని మొన్న మొదటిసారి కళ్లారా చూశాను. పేరు చెప్పను. చెబితే అసలు సంగతి వదిలేసి ఆ బ్యాండ్ మీద కొట్లాట మొదలవుతుంది. గేట్లు తీసేసరికి లైన్లో ముందున్నాను కాబట్టి రెయిలింగ్ పక్కనే చోటు దొరికింది. మొదటి పాటలో కిక్ డ్రమ్ దెబ్బ చెవులకంటే ముందు గుండెకి తగిలింది. ఏడ్చేశాను, దాచేదేముంది.

మూడో పాట కోరస్ దగ్గర పాడుతూ బేస్ గిటార్ వాయిస్తున్న బాసిస్ట్ చేతిలోంచి పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) జారిపోయింది. తీసుకోడానికి వంగాడు. మైకు ముందు ఎవరూ లేరు. అతని గొంతు మాత్రం స్పీకర్లలోంచి హాయిగా వస్తూనే ఉంది. లేచి, మైకు దగ్గరికొచ్చి, మళ్లీ నోరు కదిపాడు. ఇక నేను పాట వినలేదు, నోళ్లే చూస్తూ ఉండిపోయా. ఆంకోర్ (షో అయిపోయాక మళ్లీ వచ్చి పాడే పాట) దాకా అదే పని. నాదే చాదస్తమా, నిజంగా మోసమేనా?

ఫేడర్:
చిన్న బ్యాండ్లకి సౌండ్ చేస్తుంటాను, అటువైపు సంగతి చెబుతా. పెద్ద షోలలో చాలావాటికి డ్రమ్మర్ చెవిలో క్లిక్ నడుస్తుంటుంది, తాళం తప్పకుండా టిక్కు టిక్కుమనే మెట్రోనోమ్ అనుకోండి. దాని పక్కనే కీబోర్డులు, వయొలిన్లు, అదనపు గొంతులు ముందే రికార్డు చేసి పెట్టిన ట్రాకులు. వెనక తెర మీది వీడియో, లైట్లు కూడా చాలాసార్లు ఆ లెక్కకే కట్టేసి ఉంటాయి. స్టూడియోలో ఒకే మనిషి ఎనిమిదిసార్లు పాడి పేర్చిన కోరస్‌ని వేదిక మీద నలుగురు ఎక్కణ్ణుంచి తెస్తారు? తేలేకపోతే ‘ఆల్బమ్‌లోలా లేదే’ అని పెదవి విరిచేదీ మీరే. బొహీమియన్ రాప్సొడీ పాటలో ఒపేరా భాగానికి క్వీన్ బ్యాండ్ వాళ్లు టేపే వేసేవారు. వాళ్లనీ మోసగాళ్లంటారా?

తుప్పుతీగ:
ఫేడర్ గారూ, ఆ ఉదాహరణ మీకే అడ్డం తిరిగింది. ఆ టేపు నడుస్తున్నంతసేపూ వాళ్లు వేదిక దిగి వెళ్లిపోయేవారు. లైట్లూ టేపూ తప్ప ఇంకేం ఉండదు. హార్డ్ రాక్ భాగం రాగానే మళ్లీ వచ్చి దూకేవారు. అంతేగానీ నిలబడి నోళ్లు కదపలేదు. 70లలో ‘సింథసైజర్లు వాడలేదు’ అని ఆల్బమ్ కవర్ల మీద గొప్పగా వేసుకున్న బ్యాండ్ అది. టేపు వాడినప్పుడూ బాహాటంగానే వాడింది. చివరివరుస గారికి మంట పుట్టించింది టేపు కాదు. వంగి లేచి మళ్లీ మొదలెట్టిన ఆ నటన.

ఫేడర్:
సరే, ద హూ బ్యాండ్ సంగతేంటి? బాబా ఓరైలీ, వోంట్ గెట్ ఫూల్డ్ అగైన్, ఈ రెండు పాటల్లోనూ సింథసైజర్ టేపు మీదనుంచే వచ్చేది. కీత్ మూన్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని దానికి తగ్గట్టు వాయించేవాడు. అంత అల్లరి డ్రమ్మరే టేపుకి లొంగాడు మరి.

తుప్పుతీగ:
లొంగినందుకు అనుభవించారు కూడా. 1973లో క్వాడ్రోఫీనియా ఆల్బమ్ టూర్‌లో టేపులు కలవక వాళ్ల గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్ ఒక రాత్రి వేదిక మీదే పరికరాలు పీకి పారేశాడు.

కాపో:
మా డ్రమ్మర్‌కి క్లిక్ ఇస్తే క్లిక్కే తాళం తప్పుతుంది.

కాలిపెడల్:
రష్ బ్యాండ్‌ని మర్చిపోయారు. ఉన్నది ముగ్గురే. గెడ్డీ లీ పాడుతూ, బేస్ వాయిస్తూ, మధ్యలో కీబోర్డుకి మారుతూ, కాళ్లతో పెడల్స్ తొక్కుతూ శాంపిల్స్ (రికార్డు చేసి పెట్టుకున్న శబ్దపు ముక్కలు) వదిలేవాడు. అదీ ముందే రికార్డయిన శబ్దమే. కానీ ఎవరో తొక్కితేనే వస్తుంది, ఆలస్యంగా తొక్కితే ఆలస్యంగానే వస్తుంది. నా లెక్క అక్కడ: తప్పు జరిగే వీలుంటే లైవ్, లేకపోతే కాదు. 2022లో ఫాలింగ్ ఇన్ రివర్స్ అనే బ్యాండ్ తమ ల్యాప్‌టాప్‌లు కనిపించడం లేదని ఏకంగా షోనే రద్దు చేసుకుంది. గిటార్లు ఉన్నాయి, మనుషులు ఉన్నారు, ల్యాప్‌టాప్ లేదు కాబట్టి పాట లేదు!

ఫేడర్:
ఆ రాత్రి ట్రాకులు లేకుండా వాయించి ఉంటే ఇక్కడే ‘డబ్బులు దండగ’ అని ఇంకో చర్చ నడిచేది. పైగా వరసగా నలభై రాత్రులు పాడే గొంతు గురించి కూడా ఆలోచించండి. అరవై దాటిన గాయకుడికి పాతికేళ్లప్పటి పైస్థాయి ఎలా అందుతుంది?

పాతక్యాసెట్:
అందకపోతే శ్రుతి దించుకోవచ్చు బాబూ. 2007 డిసెంబర్ 10న లండన్ ఓ2 అరీనాలో లెడ్ జెప్లిన్ బ్యాండ్ మళ్లీ కలిసినప్పుడు కొన్ని పాటల్ని శ్రుతి దించే వాయించారు. గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌కి అప్పటికి 59 ఏళ్లు. ఎవరికైనా లోటనిపించిందా? నాకైతే అందీ అందని గొంతు విన్నప్పుడే టికెట్ డబ్బులు ముట్టినట్టుంటుంది. (చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని మరీ వింటాను, అది వేరే సంగతి. ముప్పై ఏళ్లు పెట్టుకోలేదు, ఇప్పుడు రాత్రంతా చెవిలో ఈల.)

చివరివరుస:
ఒక సంగతి మొదట్లో రాయలేదు, రాస్తే నా ఫిర్యాదు పలచబడుతుందని. ఆంకోర్‌కి గాయకుడు ఒక్కడే అకూస్టిక్ గిటార్‌తో వచ్చాడు. రెండో చరణం మర్చిపోయాడు. గిటార్ మీద అదే కార్డ్ తిప్పి తిప్పి వాయిస్తూ మావైపు చూశాడు. రెయిలింగ్ దగ్గరున్న మేమే అందించాం. నవ్వేసి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఫోన్లో ఆ రెండు నిమిషాలే రోజూ చూస్తున్నా. మిగతా వీడియోలు ఇంకా తెరవలేదు.

ఫేడర్:
అలా రెండో చరణం ప్రతి షోలోనూ సరిగ్గా అక్కడే మర్చిపోయేవాళ్లు నాకు తెలుసు. చెప్పమంటారా?

చివరివరుస:
వద్దు.