కోనసముద్రం చుట్టుపక్కల చిట్టెం దిబ్బలు: ఉక్కు మూసల ఆనవాళ్లు ఎలా గుర్తుపట్టాలి?

ప్రశ్న:
నిజామాబాద్ జిల్లా కోనసముద్రం వైపు ఊళ్లలో మొరం బదులు చిట్టెం (ఇనుము కరిగించగా మిగిలిన మలినాల గడ్డలు) ఎత్తుకెళ్లి బాటలకు పోస్తున్నారు. దిబ్బలు మాయం కాకముందే వివరాలు నమోదు చేయాలి. ఉక్కు మూసల (ఉక్కు కరిగించిన మట్టి పాత్రల) పెంకులను మామూలు ఇనుప చిట్టెం నుంచి ఎలా వేరుచేయాలి? తవ్వకుండా ఎంతవరకు తెలుస్తుంది?

సమాధానం 1:
ఇనుము తీసిన కొలిమి చిట్టెం బరువు. నల్లగా, కారి గడ్డకట్టిన ముడతలతో ఉంటుంది. మూస పెంకు వంపు తిరిగి ఉంటుంది, విరిగినచోట బొగ్గు నలుపు. మూస మట్టిలో వరి ఊక కలిపేవారు. అది మాడి మిగిలిన కార్బన్ కూడా మూస అంత వేడికి తట్టుకోవడానికి తోడ్పడేది. విరుపులో ఊక గీతలు కంటికే కనిపిస్తాయి. బయట గాజులాంటి పూత, అది కరిగిన బూడిద. లోపలి గోడకు చిట్టెం అంటుకున్న వలయం ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. కరిగిన ఉక్కు అంతవరకు నిండిందన్నమాట. వలయం నుంచి మూస అడుగు దాకా కొలవండి, ఉక్కు ముద్ద మందం తెలుస్తుంది.

సమాధానం 2:
పై మాటకు ఒకటి కలుపుతాను: అయస్కాంతాన్ని నమ్ముకోవద్దు, చిట్టెంలో చిక్కుకున్న ఇనుము గింజలు కూడా అంటుకుంటాయి.
ఇంకో విషయం, ఒక్క ఊరు చూస్తే సరిపోదు. 1832లో అచ్చయిన, భూగర్భ శాస్త్రవేత్త వాయ్సీ వర్ణన ప్రకారం కోనసముద్రంలో వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ఇనుము కలిపి మూసల్లో 24 గంటలు కాల్చేవారు. వచ్చిన ముద్ద పెళుసు. మట్టి పూసి 12-16 గంటల చొప్పున పలుమార్లు వేడిచేస్తేనే సుత్తి దెబ్బకు ఆగేది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ వర్తకులు అక్కడికే వచ్చి కొనేవారు. కాబట్టి ఇనుము తీసిన ఊళ్లలో చిట్టెం, ఇక్కడ పెంకులు ఎక్కువ ఉండాలి. రెండు రకాల ఊళ్లనూ ఒకే పటంలో గుర్తించండి.

సమాధానం 3:
పెంకులు ఇంటికి తేవద్దు గురువుగారూ, చోటు పోతే వాటికి విలువ లేదు. దిబ్బ మీద ఐదు చోట్ల మీటరు చదరాలు గీసి పెంకులు, చిట్టెం, తిత్తి గొట్టం ముక్కలు విడివిడిగా లెక్కపెట్టి అక్కడే వదిలేయండి. స్కేలు పెట్టి ఫొటో, జీపీఎస్, సర్వే నంబరు రాసుకోండి.
జేసీబీ కోసిన అంచు ఉంటే ముందు దాన్నే ఫొటో తీయండి, పొరలు అక్కడే బయటపడతాయి. వానొస్తే అంచు జారుతుంది. పొరలో బొగ్గు కనిపిస్తే ముట్టుకోకండి. కాలం తేల్చేది అదే. కింద జారిపడ్డ బొగ్గు నిన్నటి పొయ్యిదైనా కావచ్చు.
గ్రామసభ తీర్మానం, ఫొటోలు జతచేసి తహసీల్దారుకు, రాష్ట్ర హెరిటేజ్ శాఖకు అర్జీ ఇవ్వండి. సర్వే నంబరు లేకుండా ‘ఊరి చివర దిబ్బ’ అని రాస్తే ఎక్కడని ఎవరూ పట్టుకోలేరు.