తొన్‌తొన్, దొన్‌దొన్, గత్సున్: అన్నిటికీ ‘గట్టిగా’ అనే అర్థమా?

ప్రశ్న: కడప డిప్లొమా

మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, కడపలో ఇంట్లోనే జపనీస్ నేర్చుకుంటున్నాను. 2019లో మొదలైన తొకుతెయ్ గినో వీసా (నైపుణ్యం ఉన్న విదేశీ కార్మికులకు జపాన్ ఇచ్చే వీసా) మీద అక్కడి ఫ్యాక్టరీలో పనికి వెళ్లాలని నా ఆశ. వ్యాకరణం, కంజి అక్షరాలు నెమ్మదిగా వస్తున్నాయి. ధ్వన్యనుకరణ పదాల దగ్గరే ఆగిపోతున్నాను. మాంగా (జపనీస్ బొమ్మల కథల పుస్తకం) తెరిస్తే దొన్, బన్, గత్సున్, బతన్, గుయిత్తొ అని పేజీ నిండా ఇవే. నా దగ్గరున్న నిఘంటువు కొట్టడానికీ ‘గట్టిగా’ అంటుంది, లాగడానికీ ‘గట్టిగా’ అంటుంది, తలుపు వేయడానికీ అదే మాట. ఏది ఎక్కడ వాడాలి? చివర ‘తొ’ ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు. జాబితా బట్టీ పట్టడం తప్ప వేరే దారి లేదా?

జవాబు: కర్నూలు జపనీస్ టీచర్

తమ్ముడూ, బట్టీ పట్టవద్దు. జపాన్‌లోని హమమాత్సులో చాలా ఏళ్లు ఉండి వచ్చి, ఇప్పుడు కర్నూలులో పిల్లలకు ఈ భాష చెబుతున్నాను. అందరూ ఆగేది ఇక్కడే, కానీ తెలుగువాళ్లు ఆగాల్సిన అవసరం లేదు.

ముందు ‘తతకు’ అనే క్రియను చూడు. మనం దెబ్బ బలాన్ని బట్టి క్రియనే మారుస్తాం: తట్టడం, కొట్టడం, బాదడం, మోదడం. జపనీస్‌లో ఈ పనులకు చాలాసార్లు ‘తతకు’ ఒక్కటే సరిపోతుంది. బలం ఎంతో చెప్పేది పక్కనున్న అనుకరణ పదం. ‘కత ఒ తొన్‌తొన్ తతకు’ అంటే భుజం తట్టడం. ‘దొఅ ఒ దొన్‌దొన్ తతకు’ అంటే తలుపు బాదడం. కాబట్టి తెలుగు చేసుకునేటప్పుడు ‘గట్టిగా’ లాంటి మాట కోసం చూడకు, సరైన క్రియ కోసం చూడు. నిఘంటువు నిన్ను నిలబెట్టేసింది అందుకే.

ఇక త, దల తేడా. నాకు ఎంతో ఇష్టమైన విషయం ఇది. మన వ్యాకరణం క చ ట త పలను పరుషాలనీ, గ జ డ ద బలను సరళాలనీ అంటుంది. ఆ పేర్లను నమ్ముకుంటే జపనీస్‌లో అంతా తలకిందులవుతుంది. బరువు, మోటుదనం, ఎక్కువ బలం అక్కడ సరళాలలోనే ఉన్నాయి. సన్నని పుల్ల ‘పొకి’ అని విరుగుతుంది, లావుపాటి కొమ్మ ‘బొకి’ అని విరుగుతుంది. చప్పట్లు ‘పన్’, బల్లమీద అరచేత్తో చరిస్తే ‘బన్’. గిన్నెలు తగులుకుంటే ‘కచన్’, గాజు పగిలితే ‘గచన్’. మన చెవి కూడా నిజానికి ఇలాగే వింటుంది. తలుపు టకటక కొడతాం, దబదబ బాదుతాం. తేడా వచ్చింది వ్యాకరణం పెట్టిన పేర్లలోనే.

పదం చివర కూడా చూడు. ‘న్’ ఉంటే చప్పుడు మోగుతుంది. చిన్న ‘త్సు’ (పక్క హల్లును ఒత్తి పలికించే చిన్న అక్షరం) ఉంటే ఠక్కున తెగుతుంది: ‘గుయిత్తొ హిప్పరు’ అంటే ఒక్క గుంజు గుంజడం. అదే ‘గుయిగుయి హిప్పరు’ అంటే ఆపకుండా లాగుతూ ఉండడం. ‘రి’తో ముగిస్తే పని పూర్తిగా అయిపోయిందని. ‘పిషారితొ షిమెరు’ అంటే జారుడు తలుపును ఒక్క ఊపున మూసేయడం. ‘పిషారితొ కొతొవరు’ అంటే మారుమాటకు తావు లేకుండా కాదనడం.

‘తొ’ సంగతి నీకు ముందే వచ్చు. ‘ధన్‌మని పడింది’ అంటాం కానీ ‘ధన్ పడింది’ అనం. ‘దబదబ బాదాడు’ అనడానికి మాత్రం మధ్యలో ఏమీ అక్కర్లేదు. అక్కడా అంతే. ఒక్క దెబ్బకు ‘తొ’ కావాలి: ‘బతన్‌తొ షిమెరు’, అంటే తలుపు ధడేల్‌మని వేయడం. జంట పదానికి ఉన్నా సరే, లేకపోయినా సరే. ఒకరన్న మాటను చెప్పేటప్పుడు వాడేది కూడా ఈ ‘తొ’యే, మన ‘అని’ లాగా.

జవాబు: బేతంచెర్ల నాపరాయి

మాది నాపరాళ్ల పాలిష్ పని. బండను చిన్న సుత్తితో తట్టి వింటాం. బాగున్న బండ ఖంగున మోగుతుంది, లోపల చీలిక ఉంటే మొద్దు చప్పుడు వస్తుంది. మేడమ్, జపాన్‌లో ఈ చప్పుళ్లకు కూడా పేర్లు ఉన్నాయా?

జవాబు: కర్నూలు జపనీస్ టీచర్

ఉన్నాయన్నా, మీ ప్రశ్న చూసి చాలా సంతోషం కలిగింది. వంతెనలు, సొరంగాల కాంక్రీటును అక్కడ సుత్తితో తట్టి పరీక్షిస్తారు. 2012 డిసెంబరు 2న ససగొ సొరంగంలో పైకప్పు పలకలు కూలి 9 మంది చనిపోయాక ఈ పరీక్ష గురించి దేశమంతా మాట్లాడుకున్నారు. శుభ్రంగా మోగే చప్పుడును ‘సెయ్‌ఒన్’ అనీ, మొద్దు చప్పుడును ‘దకుఒన్’ అనీ అంటారు. తమ్ముడూ, నువ్వూ చూడు: అక్షరాలలో త వరుసకు, ద వరుసకు ఉన్న పేర్లు కూడా ఇవే.

ప్రశ్న అడిగినవారు: కడప డిప్లొమా

అక్కా, ధన్యవాదాలు. ‘బొరుతొ ఒ గ్యుత్తొ షిమెరు’, బోల్టు బిగించడానికి ఇది సరేనా? ఇంకొకటి, మా ఆన్‌లైన్ క్లాసులో ‘దొన్‌దొన్ తబెతె’ అన్నారు. తినడానికీ బాదడానికీ ఒకటే మాట ఎలా?

జవాబు: కర్నూలు జపనీస్ టీచర్

వాక్యం సరిగ్గా ఉంది. నొక్కి పట్టడం, బిగించడం, చేయి పట్టుకోవడం అన్నీ ‘గ్యుత్తొ’. ‘దొన్‌దొన్’కు ఆగకుండా ముందుకు సాగడమనే అర్థం కూడా ఉంది. మొహమాటం లేకుండా ఇంకా తినమని వాళ్లు అన్నారు. పని చకచకా సాగుతున్నా ‘దొన్‌దొన్’ అనే అంటారు. ‘గన్‌గన్’ కూడా ఇలాగే రెండుచోట్ల వస్తుంది: రేకును బాదే చప్పుడుకూ, తల పగిలిపోయేంత నొప్పికీ.

పనిచోట నివేదిక రాసేటప్పుడు మాత్రం ఇవి వాడకు. ‘త్సుయొకు’ (గట్టిగా) అని రాయి, బలానికి అంకె ఉంటే అంకె వెయ్యి. యంత్రం దగ్గర నోటితో చెప్పేవి వేరు. ‘మొత్తొ గుత్తొ’ అంటే ఇంకాస్త బలం పెట్టమని, ‘సొత్తొ’ అంటే మెల్లగా అని. ఈ రెండింటినీ ఎవరి చేతనైనా పైకి చదివించుకుని, చెవికి బాగా అలవాటయ్యే దాకా విను.